పెట్టె మారితే పాట మారుతుందా?

సంక్రాంతి వెళ్ళిన వారం మా ఆయన ఒక అట్టపెట్టెని రెండు చేతులతో, పురిటింటి నుంచి పసిగుడ్డుని తెస్తున్నంత జాగ్రత్తగా పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. విప్పితే లోపల ఇంకో పెట్టె. మన పోపుల డబ్బా అంత ఉంది, కాకపోతే నలుపు. ముందు ఒక చిన్న లైటు, పక్కన ఒక మర, వెనక నాలుగు కన్నాలు. "దీన్ని డాక్ అంటారు" అన్నారు. వాళ్ళ స్నేహితుడిదట. వారం రోజులు పెట్టుకుని వినమని ఇచ్చాడట. నచ్చితే ఇలాంటిదే మనమూ కొనుక్కుందామని ఈయన ఆలోచన. ధర 65,000 రూపాయలు.

"మన దగ్గర ఒకటి ఉందిగా?" అన్నాను. ఉంది. మూడేళ్ళ క్రితం 9,000 పెట్టి కొన్నాం. అప్పుడు కూడా "ఇక ఇదే ఆఖరు" అన్నారు.

ఆ రాత్రి భోజనాలయ్యాక నన్ను కుర్చీలో కూచోబెట్టి పాత పెట్టెతో ఒక పాట, కొత్త పెట్టెతో అదే పాట వినిపించారు. "విన్నావా? గొంతు ఎంత ముందుకొచ్చిందో! మృదంగం చూడు, ఎదురుగా కూచుని వాయిస్తున్నట్టు లేదూ?" అన్నారు. నాకు నిజంగానే కొత్తది బావున్నట్టు అనిపించింది. అలా అనిపించినందుకు కొంచెం భయం కూడా వేసింది. బావుందని ఒప్పుకుంటే 65,000 పోతాయి. బావులేదంటే "నీకు వినడం రాదు" అంటారు. మనకి ఈ రెండో మాట కొత్త కాదు కదా! పాటల సామాను అమ్మే షాపుల్లో కూడా అంతే. మొగుడికి స్పీకర్లు వినిపిస్తారు, మనకి రంగులు చూపిస్తారు.

అందుకని ఈసారి గొడవ పడకుండా, తలూపకుండా, అసలు సంగతేమిటో తెలుసుకుందామనుకున్నాను. వారం రోజుల్లో నాకు తెలిసింది ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా ఇలాంటి పెట్టె ఏదో ఒకటి గుమ్మం దాకా వచ్చి ఉంటే మీకు పనికొస్తుంది. రాకపోయినా ఆఖర్న చెప్పే సంగతి మాత్రం అందరిదీ.

ముందు ఈ డాక్ ఏమిటో చెప్తాను. ఫోన్లో, సీడీలో, కంప్యూటర్లో ఉండే పాట నిజానికి పాట కాదు, అంకెల వరస. స్పీకరుకి అంకెలు అర్థం కావు. దానికి ఎగుడుదిగుడుగా సాగే కరెంటు కావాలి. ఆ అంకెలని కరెంటుగా మార్చేదే డాక్. డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ అని దాని పూర్తి పేరు. ఇది లేకుండా ఏ ఫోనూ మోగదు, ఏ టీవీ మాట్లాడదు. అన్నిట్లోనూ గోరంత చిప్పు ఒకటి ఉండనే ఉంటుంది. విడిగా పెట్టెలో పెట్టి అమ్మేది కూడా ఆ పని చేసేదే.

మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే ముగ్గు గుర్తు చేసుకోండి. ముందు చుక్కలు పెడతాం, తర్వాత వాటి మీదుగా గీత తిప్పుతాం. సీడీలో పాట అంటే సెకనుకి 44,100 చుక్కలు. ఒక్కో చుక్క ఎంత ఎత్తులో ఉండాలో చెప్పడానికి 65,536 మెట్లు. డాక్ చేసే పని ఆ చుక్కల మీదుగా గీత తిప్పడం. "చుక్కకీ చుక్కకీ మధ్య ఏదో పోతుంది కదా, మంచి డాక్ అయితే అది పూడుస్తుంది" అని మా ఆయన వాదన. వినడానికి సబబుగానే ఉంది. కానీ లెక్క ఇంకోలా ఉందట. ఎంత సన్నటి స్వరం వరకు కావాలో, దానికి రెట్టింపు కన్నా ఎక్కువ చుక్కలుంటే వాటి గుండా వెళ్ళగలిగే గీత ఒక్కటేనని క్లాడ్ షానన్ అనే ఆయన 1949లోనే రుజువు చేసి పెట్టాడు. మనిషి చెవికి వినబడేది మహా అయితే 20,000 హెర్ట్జ్ దాకా. నలభై దాటాక చాలామందికి 15,000 పైన వినబడదు. అంటే 44,100 చుక్కలు మనకి సరిపోతాయి. పనితనం తెలిసిన ఇద్దరు అవే చుక్కల మీద ముగ్గు వేస్తే రెండూ ఒకేలా వస్తాయి. చెయ్యి వణికేవాళ్ళు వేస్తేనే తేడా.

ఇదంతా మా అమ్మాయి నాకు చెప్పింది. ఈసీఈ మూడో సంవత్సరం చదువుతోంది, సెలవులకి ఇంట్లో ఉంది. ఇది చెప్పాక ఇంకో సంగతి కూడా బయటపెట్టింది. మా ఆయన పొద్దున్నే వాకింగ్ నుంచి వచ్చి ఫోన్లోంచి బ్లూటూత్ స్పీకరుకి పాటలు పెడతారు. మూడేళ్ళుగా "ఆ డాక్ వచ్చాక పొద్దుటి పాటల అందమే వేరు" అంటూ వచ్చారు. బ్లూటూత్‌లో ఫోను అంకెలనే పంపుతుందిట. వాటిని కరెంటుగా మార్చే పని ఆ స్పీకరు లోపలి చిప్పు చేసుకుంటుందిట. హాల్లో ఉన్న 9,000 పెట్టెకి ఆ పాటలతో ఏ సంబంధమూ లేదు! ఆ మాట విని మా ఆయన కాసేపు పేపరు చదివారు. పేపరు తిరగేసి ఉందని ఎవరం అనలేదు.

నవ్వడానికి చెప్పలేదు. నమ్మకం మన చెవితో ఎంత పని చేయిస్తుందో చూడండి. ఆయన అబద్ధం చెప్పలేదు. ఆయనకి నిజంగానే అలా వినిపించింది. నాకూ మొన్న రాత్రి అలాగే వినిపించింది కదా.

మనం ఇంటి సామాను కొనేటప్పుడు ఈ నమ్మకాన్ని పక్కన పెట్టడం మనకి బాగా తెలుసు. పట్టుచీర షాపు లైట్ల కింద చూసి కొనం. గుమ్మం దాకా తెచ్చి ఎండలో పరిచి చూస్తాం. కొత్త రకం బియ్యం అయితే బస్తా తీసుకునే ముందు గుప్పెడు తెచ్చి వండి చూస్తాం. రెండు కాఫీ పొడులు పోల్చాలంటే ఒక దాంట్లో పంచదార ఎక్కువ వేసి రెండోదాంట్లో తక్కువ వేస్తామా? పాలు, చక్కెర, డికాషన్ పాళ్ళు సమానంగా ఉండాలి. అప్పుడే పొడి సంగతి తెలుస్తుంది. లేకపోతే తియ్యగా ఉన్నదే బావుందంటాం.

శబ్దానికి పంచదార ఏమిటో తెలుసా? వాల్యూమ్. రెండు పాటల్లో ఒకటి రవ్వంత ఎక్కువ మోగితే మన చెవికి అది "గట్టిగా ఉంది" అనిపించదు. "స్పష్టంగా ఉంది, నిండుగా ఉంది, గొంతు ముందుకొచ్చింది" అనిపిస్తుంది. మా అమ్మాయి ఎలక్ట్రీషియన్లు వాడే మల్టీమీటర్ తెచ్చి, ఒకే స్థాయిలో మోగే కూత ఒకటి పెట్టి, రెండు పెట్టెల వెనక కొలిచింది. మాది 2 వోల్టులు ఇస్తోంది. స్నేహితుడిది 2.4 ఇస్తోంది. అంటే దాదాపు ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువ. మొన్న రాత్రి మృదంగం ఎదురుగా వచ్చి కూచున్నది అందుకే.

"సరే, సమానం చేసి వినండి" అంది పిల్ల. ఆ కొత్త పెట్టెకి వాల్యూమ్ మర ఉంది కాబట్టి దాన్ని తగ్గించి రెండిటి వోల్టులూ ఒకటి చేసింది. మా పాత సీడీ ప్లేయరుకి వెనక రెండు రకాల డిజిటల్ కన్నాలున్నాయి. ఒక దాంట్లోంచి మా పెట్టెకి, ఇంకో దాంట్లోంచి వాళ్ళ పెట్టెకి వైర్లు ఇచ్చింది. రెండూ ఒకే ఆంప్లిఫయరుకి వచ్చి చేరతాయి. రిమోట్ నొక్కితే ఒకటి పోయి ఇంకోటి వస్తుంది. ఆంప్లిఫయరు ముందు కనబడే అక్షరాల మీద నా నేత చీర ఒకటి మడిచి కప్పింది. తను మా కుర్చీల వెనక నిలబడింది. తన మొహం చూసి మేం కనిపెట్టకూడదట.

ముందు "ఇది ఒకటి", "ఇది రెండు" అని చెప్పి తనివి తీరా వినిపించింది. తర్వాత రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండు పెట్టి, "ఇది ఏది?" అని అడిగింది. ఇలా మనిషికి పదహారు సార్లు. పుస్తకంలో టిక్కులు. కళ్ళు మూసుకుని ఊరికే ఊహించి చెప్పినా సగటున ఎనిమిది సరిపోతాయి. పన్నెండో అంతకన్నా ఎక్కువో సరిగ్గా చెబితే అప్పుడు చెవి పని చేసిందని నమ్మొచ్చట. ఊహ మీద పన్నెండు దాటే అవకాశం నూటికి నాలుగు కూడా లేదు మరి.

మా ఆయనకి తొమ్మిది వచ్చాయి. నాకు ఏడు. తర్వాత నేను రిమోట్ పట్టుకుంటే మా అమ్మాయికి ఎనిమిది. ఆయన మళ్ళీ చేస్తానన్నారు. మర్నాడు పొద్దున్నే, వీధిలో చప్పుడు లేని వేళ, మళ్ళీ చేశారు. ఈసారి ఏడు. ఆయన మొహం చూస్తే నాకు జాలేసింది. "నిన్న అంత తేడా వినిపించింది కదే!" అన్నారు. వినిపించిన మాట నిజమే. అది వాల్యూమ్‌లో ఉంది, ధరలో ఉంది, స్నేహితుడి మాటలో ఉంది. పెట్టెలో మాత్రం మా చెవులకి అందేంత లేదు.

మాలాంటి మామూలు చెవులకే ఇలా అనుకోకండి. అమెరికాలో బోస్టన్ దగ్గర బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరన్ అని ఇద్దరు ఇలాంటి పనే పెద్ద ఎత్తున చేసి 2007లో అచ్చేశారు. ఖరీదైన డిస్కులోంచి వచ్చే పాటని నేరుగా ఒకసారి, మధ్యలో మళ్ళీ మామూలు సీడీ అంకెలుగా మార్చి, తిరిగి కరెంటుగా చేసి ఇంకోసారి వినిపించారు. అంటే ముగ్గు చెరిపేసి, చుక్కలు పెట్టి, మళ్ళీ వేసినట్టు. వినే వాళ్ళలో రికార్డింగ్ పని చేసేవాళ్ళు, సంగీతం సామాను మోజున్న వాళ్ళు కూడా ఉన్నారు. 554 సార్లు అడిగితే సరిగ్గా చెప్పింది 276 సార్లు. సగం కూడా నిండలేదు. వాల్యూమ్ మామూలు కన్నా బాగా పెంచేసి, పాట లేని నిశ్శబ్దంలో చెవి పెట్టి వింటే తప్ప పట్టుకోలేకపోయారు.

ఇంతవరకూ ఇది మా ఆయన కథ. ఇక్కడి నుంచి మా అత్తయ్య కథ.

అత్తయ్యకి డెబ్భై నాలుగేళ్ళు. చిన్నప్పుడు వర్ణాలు దాకా నేర్చుకున్నారు. పెళ్ళయ్యాక పాట పూజగదిలోకి వెళ్ళిపోయింది. అయినా పొద్దున్నే విజయవాడ రేడియోలో భక్తిరంజని వింటూ, పెరట్లో అంట్లు తోముతూనే తప్పు శ్రుతి ఎవరిదో చెప్పేవారట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కూడా ఆవిడ చెవికి జడిసి నేను కూనిరాగం తీసేదాన్ని కాదు. అలాంటి మనిషి నాలుగైదేళ్ళుగా పాట పెడితే లేచి లోపలికి వెళ్ళిపోతున్నారు. "ఇప్పుడేం వింటాంలే" అంటున్నారు. పిలిస్తే పలకరు. టీవీ సౌండు పెంచేస్తారు. ఒకటి అడిగితే ఇంకోటి చెప్తారు.

నేను ఏమనుకున్నానో దాచకుండా చెప్తాను. "ఆవిడకి కావలసినవే వినబడతాయి" అనుకున్నాను. మా చెల్లెలితో ఫోన్లో అన్నాను కూడా. మీలో చాలామంది ఈ మాట అని ఉంటారు. మన ఇళ్ళల్లో ఇదొక పాత జోకు.

ఆ సాయంత్రం మా అమ్మాయి "నానమ్మా, నీ చెవి అసలైన చెవి, నువ్వు చెప్పు ఏది బావుందో" అని బలవంతాన తెచ్చి కూచోబెట్టింది. ఎమ్మెస్ సుబ్బులక్ష్మిగారి వేంకటేశ్వర సుప్రభాతం సీడీ పెట్టింది. 1963లో రికార్డుగా వచ్చింది అది. అత్తయ్యకి అప్పుడు పదేళ్ళు దాటి ఉంటాయేమో, అక్షరం అక్షరం కంఠతా వచ్చు. ఒకటి వినిపించింది, రెండు వినిపించింది. అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"అమ్మలూ, ఇందులో తంబూరా తీసేశారా?"

మేం ముగ్గురం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. తంబూరా ఉంది. గొంతు వెనక తేనెటీగల తుట్టెలా రొద పెడుతూనే ఉంది. మా అందరికీ వినబడుతోంది. "ఆవిడ పాడుతుంటే గొంతు తెలుస్తోంది. మాట తెలియట్లేదు. నాకు వచ్చు కాబట్టి సరిపోయింది గానీ, రాకపోతే ఏం పాడుతోందో చెప్పలేను" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాలుగేళ్ళ సంగతి విడిపోయింది.

చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. గాజు గదిలాంటి దాంట్లో కూచోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, 250 హెర్ట్జ్ నుంచి 8,000 హెర్ట్జ్ దాకా రకరకాల కూతలు వినిపించి, వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కాగితం మీద గీత వచ్చింది. ఎడమవైపు, అంటే బొంగురు శబ్దాల దగ్గర, బాగానే ఉంది. 2,000 దాటిన దగ్గర్నుంచి మెట్లు దిగినట్టు దిగిపోయింది. వయసుతో వచ్చే చెవుడు ఇలాగే పైనుంచి మొదలవుతుందిట. అచ్చులు కింది శబ్దాల్లో ఉంటాయి కాబట్టి గొంతు వినబడుతుంది. స, శ, త, ఫ లాంటి వాటి పదును పై శబ్దాల్లో ఉంటుంది కాబట్టి అది పోతుంది. "వినబడుతోంది గానీ అర్థం కావట్లేదు" అని పెద్దవాళ్ళు అనేది అందుకే. తంబూరా తీగల గలగల, తాళాల చప్పుడు, పిల్లల సన్నటి గొంతు, ఫోను మోత, అన్నీ అటే ఉంటాయి. ఆవిడ కావాలని వినకపోవడం అనేదే లేదు. మనవరాలి గొంతు కన్నా కొడుకు గొంతు బాగా వినబడటానికి కారణం కూడా అదే. నేను దానికి పెట్టిన పేరు పక్షపాతం.

మూడేళ్ళ క్రితం మా ఇంట్లో 9,000 పెట్టి పెట్టె కొన్నప్పుడు, తంబూరా ఎంత బాగా వినబడుతోందో అని మేం మురిసిపోయినప్పుడు, అదే గదిలో ఒక మనిషికి ఆ తంబూరానే లేదు. ఎవరం అడగలేదు.

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఇంట్లో పాట వినడానికి, ఇవాళ దొరికే డాక్‌లలో పాడైపోని ఏదైనా ఒకటి చాలు. డబ్బు అక్కడ పోయొద్దు. దీనికి నా లెక్క ఇది. మంచి డాక్ పాటకి కలిపే కల్తీ నూటికి ఒక పైసాలో వందో వంతు స్థాయిలో ఉంటుంది. మంచి స్పీకరు కూడా కింది శబ్దాల దగ్గర నూటికి రూపాయి దాకా కలుపుతుంది. మన గది ఇంకా ఘోరం. నాలుగు గోడలు, మార్బుల్ నేల, గాజు కిటికీలు ఉన్న హాల్లో కొన్ని శబ్దాలు పది డెసిబెల్స్ దాకా ఉబ్బిపోతాయి, కొన్ని మునిగిపోతాయి. వడియాల్లో ఇసుక పడి పళ్ళు కరకరలాడుతుంటే, ఉప్పు ఏ కంపెనీదో మార్చినట్టు ఉంటుంది ఈ డాక్‌ల వేట.

డాక్ అసలు ఎప్పుడూ పట్టించుకోనక్కర్లేదని అనను. కంప్యూటరుకి స్పీకర్లు తగిలిస్తే గుయ్యిమనే మోతో, మౌస్ కదిపినప్పుడల్లా చిరచిరలో వస్తే, బయట పెట్టుకునే చిన్న డాక్ ఆ రోగం చాలాసార్లు కుదురుస్తుంది. ఫోనుకి హెడ్‌ఫోన్ కన్నం లేకపోతే తోక లాంటి చిన్న డాక్ కావాలి. మా అమ్మాయి దగ్గర వెయ్యి రూపాయల లోపుది ఒకటుంది. దాన్ని కూడా వాల్యూమ్ సమానం చేసి వింటే మేం ఎవరం విడిగా గుర్తు పట్టలేకపోయాం. బరువైన హెడ్‌ఫోన్లు వాడేవాళ్ళకి గట్టిగా తోసే ఆంప్లిఫయరు కావాలి, కానీ అది డాక్ పని కాదు. ఇక కొందరు తయారీదారులు కావాలనే పై శబ్దాలని కాస్త మెత్తబరిచి అమ్ముతారు. అలాంటివి విడిగా తెలియొచ్చు. అవి నచ్చేవాళ్ళకి నచ్చుతాయి. దానికి పేరు రుచి. స్పష్టత అని చెప్పి అమ్మితేనే పేచీ.

"చెవికి బావుందనిపిస్తే చాలదా? అనిపించడం కూడా ఆనందమేగా?" అని మా ఆయన అడిగారు. మంచి ప్రశ్నే. ఆయన జీతంలోంచి ఆయన సరదాకి కొనుక్కుంటే నాకు అభ్యంతరం లేదు. నేనూ అవసరానికి మించి చీరలు కొన్నాను. కానీ "పాట బాగా వినబడటం కోసం" అని ఇంటి డబ్బులోంచి తీస్తున్నప్పుడు, ఇంట్లో ఎవరికి బాగా వినబడటం కోసం అని అడిగే హక్కు నాకుంది. ఆ ప్రశ్న ముందే అడిగి ఉంటే మా ఇంట్లో నాలుగేళ్ళు ఆదా అయ్యేవి.

అందుకని ఎవరైనా నన్ను అడిగితే నేను చెప్పే వరస ఇది. ఇంట్లో అరవై దాటినవాళ్ళుంటే ముందు చెవి పరీక్ష. యాభై దాటిన మనం కూడా ఒకసారి చేయించుకుంటే తప్పులేదు. తర్వాత గది. స్పీకర్లని గోడ నుంచి జానెడో మూరెడో ముందుకి జరిపి, కూచుంటే చెవి ఎత్తుకి వచ్చేలా పెట్టి, నేల మీద తివాచీ, కిటికీకి మందపాటి తెర వేసి చూడండి. బీరువాలో ఉన్న పాత దుప్పటితో కూడా తేడా తెలుస్తుంది, కానీ ఖర్చు లేదు. తర్వాత పాట. నాసిరకం కాపీ ఎంత గొప్ప పెట్టెలో పెట్టినా నాసిరకమే. తర్వాత స్పీకర్లు. ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు మిగిలి, మోజు తీరకపోతే, అప్పుడు డాక్. అది కూడా చీర కప్పి, వాల్యూమ్ సమానం చేసి, బిళ్ళ ఎగరేసి, పదహారు సార్లు విన్నాకే. షాపువాడు ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి.

మా ఆయన ఆ పెట్టెని స్నేహితుడికి తిరిగి ఇచ్చేశారు. ఏం చెప్పి ఇచ్చారో నేను అడగలేదు. అత్తయ్యకి రెండు చెవులకీ వినికిడి యంత్రాలు కొన్నాం. ఆ పెట్టె ఖరీదు కన్నా కాస్త ఎక్కువే అయింది. మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియలేదు, వాటిలోనూ ఇదే పని జరుగుతుందిట. బయటి శబ్దాన్ని అంకెలుగా మార్చి, ఆవిడకి వినబడని వాటిని మాత్రం పెంచి, మళ్ళీ శబ్దంగా చేసి చెవిలో వేస్తుందిట. చివరికి మా ఇంట్లో తేడా తెలిసిన డాక్ అదొక్కటే.

కొనేవాళ్ళకి ఒక మాట. ఈ యంత్రాలని మామూలుగా మాటల కోసం సర్దుతారు. సంగీతం వినే అలవాటుంటే ఆ సంగతి ముందే చెప్పి, పాటల కోసం విడిగా ఇంకో అమరిక పెట్టించుకోండి. మాకు మొదట ఇది తెలియలేదు. వేణువు దీర్ఘంగా మోగినప్పుడల్లా వణుకుతున్నట్టు ఉందని అత్తయ్య అన్నారు. యంత్రం ఆ నాదాన్ని కూతగా పొరబడి అణచబోతుందిట. రెండోసారి వెళ్ళి మార్పించాక కుదిరింది. మొదటి రోజే అంతా బాగైపోతుందని కూడా అనుకోకండి. నెల పైన పట్టింది అలవాటు కావడానికి. రెండుసార్లు తీసి డబ్బాలో పెట్టేశారు. బతిమాలి పెట్టించాం.

ఇప్పుడు పొద్దున్నే సుప్రభాతం పెడితే అత్తయ్య హాల్లోనే కూచుంటున్నారు. తంబూరా తిరిగి వచ్చిందా అని అడిగితే "వచ్చింది గానీ పూర్వంలా లేదు, రేకు డబ్బాలో పెట్టినట్టుంది" అన్నారు. అదే పెద్ద వరం అనుకున్నాను. మొన్న నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుంటే హాల్లోంచి కేక వినబడింది.

"అమ్మాయ్, ఆ గిన్నెల గోల కాస్త ఆపవే తల్లీ, చెవులు చిల్లులు పడుతున్నాయి. ఆ నిషాదం కూడా కొంచెం కిందకి పడుతోంది, సరిచూసుకో."

గిన్నెలు ఆపాను. నిషాదం ఇంకా సరిగ్గా రావట్లేదు.